ఇంట్లో బందీలైన రోజుల్లో పిల్లలతో: లాక్‌డౌన్‌లో తల్లిదండ్రులకు ఒక సమగ్ర మార్గదర్శి

2020లో లాక్‌డౌన్ మొదలై మూడు వారాలైంది. మా అబ్బాయికి అప్పుడు ఏడేళ్లు. ఆన్‌లైన్ క్లాసు మధ్యలో నాలుగోసారి పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టాడు. నేను అదే బల్లకి అటు చివర ఆఫీసు కాల్‌లో ఉన్నాను. ఒక చెవిలో మేనేజర్ గొంతు, ఇంకో చెవిలో షార్ప్‌నర్ కరకర. లేచి వెళ్లి వాడి చేతిలోంచి పెన్సిల్ లాక్కుని పుటుక్కున విరిచేశాను. వాడు ఏడవలేదు. కాసేపటికి చూస్తే, రెండు ముక్కల్నీ కలిపి టేపు చుట్టి, ఆ వంకర పెన్సిల్‌తోనే రాసుకుంటున్నాడు.

ఆ పొద్దున్నే జీతాల కోత గురించి మెయిల్ వచ్చింది. దానికీ ఆ పెన్సిల్‌కీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ మెయిల్ తెచ్చిన భయం నాలుగు గంటల్లో పెన్సిల్ దాకా నడిచి వచ్చింది. ఆ దారిని మధ్యలో ఎక్కడెక్కడ ఆపొచ్చో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కోవిడ్ మహమ్మారిగా మారిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న ప్రకటించింది. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే 150 కోట్లకు పైగా విద్యార్థులకు బడి మూతపడిందని యునెస్కో లెక్క. బడి, ఆఫీసు, ఆటస్థలం అన్నీ ఒకే కప్పు కిందికి వచ్చి పడ్డాయి. అలాంటి రోజులు మళ్లీ వచ్చినా, ఏదో కారణంగా వారాల తరబడి పిల్లలతో ఇంట్లోనే ఉండాల్సి వచ్చినా ఈ మెట్లు పనికొస్తాయి. వీటిని వరసగానే ఎక్కండి. పిల్లల్ని మార్చే పని చాలా తర్వాత వస్తుంది. మొదటి రెండు మెట్లూ పూర్తిగా మన గురించే.

మొదటి మెట్టు: టెన్షన్ ఎక్కడిదో కాగితం మీద పెట్టండి

1980ల్లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వ్యవసాయం దెబ్బతిని రైతు కుటుంబాలు అప్పుల పాలయ్యాయి. రాండ్ కాంగర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు అక్కడి కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించారు. డబ్బు కష్టం ఎక్కువగా దొడ్డిదారినే పిల్లల దాకా వస్తోందని వాళ్లకు అర్థమైంది. ముందు తల్లిదండ్రుల మనసు కుంగుతుంది. దాంతో భార్యాభర్తల మధ్య గొడవలు మొదలవుతాయి. ఆ చిరాకంతా పిల్లల మీద కసురుగా దిగుతుంది. పిల్లలు దెబ్బతినేది ముఖ్యంగా ఆ చివరి మలుపులో.

2020లో ఇటలీలో తల్లిదండ్రుల మీద చేసిన ఒక అధ్యయనంలోనూ ఇలాంటిదే కనిపించింది. వైరస్ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో ఉంటున్నారా లేదా అన్నది అంత ముఖ్యం కాలేదు. ఇంట్లో ఉండిపోవడం తమకు ఎంత కష్టంగా అనిపిస్తోందని తల్లిదండ్రులు చెప్పారో, పిల్లల ఇబ్బందులు దాన్నిబట్టే ఉన్నాయి.

లాక్‌డౌన్ ఎత్తేయించడం మన వల్ల కాదు. మధ్యలో అడ్డుకట్ట వేయడం మాత్రం అవుతుంది. పిల్లలు పడుకున్నాక పది నిమిషాలు కూర్చుని మనసుని తొలుస్తున్నవన్నీ రాయండి. ఉద్యోగం, అద్దె, దూరంగా ఉన్న అమ్మానాన్నల ఆరోగ్యం, పిల్లాడి లెక్కలు, పేరుకుపోయిన బట్టలు, ఏదైనా సరే. ఒక్కోదాని పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: నా చేతిలో లేదు, కొంత ఉంది, పూర్తిగా ఉంది.

నా జాబితాలో మొదటి వరసలో "రోజూ పెరుగుతున్న కేసులు" అని ఉంది. కేసులు నా చేతిలో లేవు, నిజమే. కానీ రోజుకి ఎనిమిది తొమ్మిది సార్లు ఫోన్ తీసి ఆ అంకె చూస్తున్నది నేనే కదా. సాయంత్రం ఒక్కసారి, పదిహేను నిమిషాలు వార్తలు చూసి ఆపేయాలని పెట్టుకున్నాను. నాలుగు రోజుల్లో ఇంట్లో అందరికీ తేడా తెలిసింది.

రెండో మెట్టు: మీరు ఏ టైముకి అరుస్తున్నారో రాసుకోండి

మూడు రోజులు చాలు. పిల్లల మీద గొంతు లేచిన ప్రతిసారీ టైము మాత్రం రాయండి, కారణం అక్కర్లేదు. రోజంతా అరుస్తూనే ఉన్నామని అనిపిస్తుంది కానీ, కాగితం మీద చూస్తే రెండు మూడు టైములే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మా ఇంట్లో మధ్యాహ్నం భోజనానికి ముందు, సాయంత్రం ట్యాబ్ ఆపేయమన్నప్పుడు, రాత్రి పళ్లు తోముకోమన్నప్పుడు. మొదటిది ఆకలి, అంతే. భోజనం అరగంట ముందుకి జరిపితే పోయింది.

టైములు రాసుకున్నాక చేయాల్సిన ఇంకో పని, ఒంటి సంగతి గమనించడం. కోపం మాటగా మారకముందే ఒంట్లో కనిపిస్తుంది. నాకు దవడ బిగుసుకుంటుంది. కొందరికి చెవులు వేడెక్కుతాయి, కొందరికి చేతులు దురుసుగా కదులుతాయి. మీ గుర్తు ఏదో పట్టుకోండి. అది కనిపించగానే పైకి చెప్పండి: "నాకు కోపం వస్తోంది నాన్నా, రెండు నిమిషాల్లో వస్తాను." మళ్లీ ఎప్పుడు వస్తారో చెప్పడం మర్చిపోకండి. ఏమీ అనకుండా విసురుగా వెళ్లిపోతే పిల్లలకి అది అరుపు కన్నా భయంగా ఉంటుంది. బయటికెళ్లి నీళ్లు తాగండి, ఊపిరి పీల్చుకున్నదానికన్నా నెమ్మదిగా, ఎక్కువసేపు వదలండి. ఓ ఐదారు సార్లు.

చంటిబిడ్డ ఉన్న ఇళ్లకి ఒక మాట. ఎంత ఊరడించినా ఏడుపు ఆగక మీకు పిచ్చెక్కుతున్నట్టు ఉంటే, బిడ్డని ఉయ్యాలలోనో తొట్టిలోనో జాగ్రత్తగా వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి ఐదు నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి. ఆ కాసేపు ఏడిస్తే బిడ్డకి ఏమీ కాదు. పట్టుకుని కుదిపితే మాత్రం మెదడుకి దెబ్బ తగులుతుంది, ప్రాణమే పోవచ్చు.

మూడో మెట్టు: రోజుకి నాలుగు గుంజలు పాతండి

లాక్‌డౌన్ మొదటి వారంలో రంగురంగుల టైమ్‌టేబుల్ గీసి గోడకి అంటించని ఇల్లు తక్కువే. రెండో వారానికి అది ఊడి కింద పడని ఇల్లు ఇంకా తక్కువ. ప్రతి అరగంటకీ ఒక పని రాసుకుంటే, అది తప్పిన ప్రతిసారీ ఒక గొడవ.

నాలుగు పనుల టైములు మాత్రం కదలకుండా చూసుకోండి: లేవడం, భోజనం, ఒళ్లు అలిసేలా ఆడటం, పడుకోవడం. మిగతావి ఎటు జరిగినా పర్వాలేదు. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు బాగా కదిలే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బయటికి వెళ్లే వీలు లేకపోతే దిండ్లు దాటుకుంటూ గది చుట్టూ పరుగు, పాట పెట్టుకుని గెంతడం, మెట్లుంటే మెట్లు. ఒకేసారి గంట అక్కర్లేదు, మూడు నాలుగు విడతలు చేసుకోవచ్చు. నిద్ర విషయానికొస్తే ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకి 9 నుంచి 12 గంటలు కావాలి. అందుకే నాలుగింటిలో ఒకదాన్నే కాపాడుకోగలిగితే నిద్రని కాపాడండి. నిద్ర చాలని పిల్లలతో ఏ చిట్కా పనిచేయదు, మనతోనూ అంతే.

నాలుగో మెట్టు: ఇప్పుడు డ్యూటీ ఎవరిది?

ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుండీ పిల్లల్ని ఎవరూ చూడని గంటలుంటాయి. ఆయన చూస్తున్నారని నేను, నేను చూస్తున్నానని ఆయన. గొడవ అయ్యాక "నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా" అని ఒకరినొకరు. రాత్రే మర్నాటి కాల్స్ దగ్గర పెట్టుకుని, ఏ గంట ఎవరిదో రాసి పెట్టుకోండి. డ్యూటీలో ఉన్నవాళ్లు నిజంగా డ్యూటీలో ఉండాలి, లేనివాళ్లు మధ్యలో దూరి సలహాలివ్వకూడదు. రెండోది నాకు చచ్చేంత కష్టమైంది. ఇద్దరిలో ఒక్కొక్కరికి రోజుకి అరగంటైనా ఎవరూ పలకరించని టైము రాసిపెట్టుకోండి.

ఒక్కరే పెంచుతున్నవాళ్లకి ఈ సౌకర్యం లేదు. దూరంగా ఉన్న బంధువునో స్నేహితురాలినో రోజూ ఒకే టైముకి వీడియో కాల్‌లో పిల్లలకి కథ చెప్పమనండి. ఆ ఇరవై నిమిషాల్లో గిన్నెలు కడగకండి. కూర్చోండి.

మీరు మీటింగ్‌లో ఉంటే ఎప్పుడు పిలవొచ్చో, ఎప్పుడు పిలవకూడదో పిల్లలకి కళ్లకి కనిపించేలా చెప్పాలి. తలుపుకి ఎర్ర కాగితం ఉంటే దెబ్బ తగిలితేనో, పొగ వస్తేనో, ఎవరైనా తలుపు కొడితేనో మాత్రమే. పచ్చ కాగితం ఉంటే ఎప్పుడైనా రావచ్చు. ఎర్ర కాగితం గంటల తరబడి ఉంచితే నాలుగేళ్ల పిల్లకి దాని మీద నమ్మకం పోతుంది. అరగంటకోసారి పచ్చగా మార్చి, ఒకసారి దగ్గరికి తీసుకుని, మళ్లీ ఎర్ర కాగితం పెట్టండి.

ఆన్‌లైన్ క్లాసుల గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. మీరు పిల్లల టీచర్ అవ్వాల్సిన పని లేదు. ఒక హోంవర్కు మిగిలిపోతే అది తర్వాతైనా పూర్తవుతుంది. దాన్ని పూర్తి చేయించడానికి రోజూ గంటన్నర యుద్ధం చేస్తే, పుస్తకం తెరవగానే పిల్లాడికి మన మొహం గుర్తొస్తుంది. మరీ ఇబ్బందిగా ఉంటే టీచర్‌కి ఫోన్ చేసి, వీటిలో తప్పనిసరివి ఏవో చెప్పమని అడగండి. మా టీచర్‌ని అడిగితే ఏడింటిలో రెండన్నారు.

ఐదో మెట్టు: రోజూ పది నిమిషాలు పిల్లల చేతికి ఇచ్చేయండి

ఇరవై నాలుగు గంటలూ పిల్లలతోనే ఉన్నాం కదా, మళ్లీ పది నిమిషాలేంటి అని నేనూ అనుకున్నాను. రోజంతా నేను వాడితో అంటున్న మాటలు ఒకరోజు లెక్కపెట్టి చూశాను. లే, తిను, కూర్చో, ఆపు, త్వరగా, ఎందుకలా చేశావ్. వాడితో మాట్లాడుతున్నానని అనుకుంటున్నది నేనే, వాడికి వినిపిస్తున్నవన్నీ ఆర్డర్లు.

ఒక్కో పిల్లకి విడిగా పది నిమిషాలు. ఇద్దరుంటే ఇద్దరికీ వేరువేరుగా. ఏం ఆడాలో వాళ్లే చెప్తారు. ఫోన్ వేరే గదిలో. మీకు మూడు నిషేధాలు: ప్రశ్నలు అడగకూడదు, నేర్పకూడదు, సరిదిద్దకూడదు. మరి ఏం మాట్లాడాలి? కనిపిస్తున్నది చెప్పండి, చాలు. "నీలం కారు ముందుకెళ్తోంది. ఓహో, వంతెన కట్టేశావ్." క్రికెట్ కామెంటరీ చెప్పినట్టు. మొదటి రెండు రోజులూ తిక్కగా ఉంటుంది, నిజమే. "ఇది ఏ రంగు?" అని నోటి చివరిదాకా వచ్చేస్తుంది. ఆపుకోండి.

మూడో రోజో నాలుగో రోజో వాళ్లంతట వాళ్లే ఏదో ఒకటి బయట పెడతారు. మావాడు బొమ్మ కార్లని వరసగా పేర్చి, "వీళ్లందరికీ కరోనా, ఈ కారుని మాత్రం వాళ్లమ్మ దగ్గరికి వెళ్లనివ్వలేదు" అన్నాడు. నేను "ఆ కారు ఒక్కతే ఉండిపోయింది" అన్నాను, అంతే. అప్పుడు చెప్పాడు, నాకు జ్వరమొస్తే తనని ఎక్కడికో పంపేస్తారని రెండు వారాలుగా భయపడుతున్నాడని. నేరుగా అడిగి ఉంటే "ఏం లేదమ్మా" అనేవాడు.

టైము అయిపోయే రెండు నిమిషాల ముందు చెప్పండి. ఆ రోజు వాళ్లు ఎంత అల్లరి చేసినా ఈ పది నిమిషాల్ని శిక్షగా తీసేయకండి. అల్లరి చేసిన రోజే వాళ్లకి అది ఎక్కువ కావాలి.

ఆరో మెట్టు: అరుపుల ఉచ్చులోంచి బయటికి

జెరాల్డ్ ప్యాటర్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఇళ్లలోకి వెళ్లి గొడవలు ఎలా పెరుగుతాయో చూసి రాసిన విషయం ఇది. ట్యాబ్ ఆపమంటాం. పిల్ల గునుస్తుంది. మనం గొంతు పెంచుతాం, అది కేకలు పెడుతుంది. అలిసిపోయి "సరే, ఇంకో అరగంట" అంటాం. కేకలు పెడితే పని అవుతుందని పిల్ల నేర్చుకుంది, వదిలేస్తే నిశ్శబ్దం దొరుకుతుందని మనం నేర్చుకున్నాం. ఇంకో రోజు మనం మరీ గట్టిగా అరిస్తే పిల్ల భయపడి ఆపేస్తుంది. ఈసారి అరుపే పనిచేస్తుందని మనకి పాఠం. లాక్‌డౌన్‌లో ఈ చక్రం రోజుకి పదిసార్లు తిరుగుతుంది, ఎందుకంటే ఎవరూ బయటికి పోరు.

బయటపడాలంటే మాట ఇచ్చే ముందే ఆలోచించాలి. అరగంట ఇవ్వడానికి మీకు అభ్యంతరం లేకపోతే మొదట్లోనే ఇచ్చేయండి. కుదరదనుకుంటే ఎంత ఏడ్చినా ఇవ్వకండి. దగ్గరికి వెళ్లి, వంగి, పేరు పెట్టి పిలిచి, ఏం చేయకూడదో కాకుండా ఏం చేయాలో చెప్పండి: "ఇది అయ్యాక ట్యాబ్ నా చేతికి ఇవ్వు." పక్క గదిలోంచి "ఎన్నిసార్లు చెప్పాలి" అనేది పిల్లలకి రేడియో లాంటిది. ఇవ్వగానే "అడగ్గానే ఇచ్చావ్" అని పైకి అనండి. ఇవ్వకపోతే, మర్నాడు ట్యాబ్ టైము పది నిమిషాలు తగ్గుతుందని ముందే చెప్పి ఉంచండి. ఆ పది నిమిషాలు తగ్గించండి, వారం మొత్తం తీసేయకండి. వారం మొత్తం అన్నది మనమే నిలబెట్టుకోలేం. కొట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. పిల్ల ఆ నిమిషానికి ఆగుతుంది, భయం మాత్రం ఉండిపోతుంది.

ఏడో మెట్టు: జబ్బు గురించి, చావు గురించి

ముందు వాళ్లకి తెలిసిందేమిటో అడగండి. మనం చెప్పకపోయినా ఫోన్ మాటలు, టీవీ వార్తలు వింటూనే ఉంటారు. విన్నదాన్ని తమకి తోచినట్టు కలుపుకుంటారు. అడిగినదానికి అడిగినంతే, అబద్ధం లేకుండా చెప్పండి. "మన ఇంట్లో ఎవరికీ ఏమీ కాదు" అని మాటివ్వకండి. "జబ్బు రాకుండా ఇవన్నీ చేస్తున్నాం. వస్తే డాక్టర్లున్నారు. నాకు వస్తే నిన్ను ఎవరు చూసుకుంటారో కూడా అనుకున్నాం" అనండి. ఆ చివరి వాక్యం నిజం కావాలంటే, ముందు మీరు అది ఎవరో తేల్చుకోవాలి. ఆ ఫోన్ కాల్ ఈరోజే చేయండి.

ఇంట్లో ఎవరైనా పోతే "నిద్రపోయారు" అనకండి, చిన్నపిల్లలు పడుకోవడానికే భయపడతారు. పోయారు, ఇక రారు, వాళ్ల ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది అని చెప్పాలి. చివరిచూపు కూడా దక్కని రోజుల్లో, ఇంట్లోనే వాళ్ల ఫోటో ముందు కూర్చుని తలా ఒక జ్ఞాపకం చెప్పుకోవచ్చు. పిల్లల్ని పక్కకి పంపేయకండి.

ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బొటనవేలు నోట్లో పెట్టుకోవడం, కొంగు వదలకపోవడం ఈ రోజుల్లో మామూలే. తిట్టకుండా దుప్పటి మార్చండి. చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

ఎనిమిదో మెట్టు: పెద్ద పిల్లల్ని కాస్త వదిలేయండి

పద్నాలుగేళ్ల పిల్లకి తలుపు వేసుకునే హక్కు ఉంది. గది లేకపోతే ఒక మూల, ఒక తెర, ఒక జత ఇయర్‌ఫోన్లు. రాత్రి ఆలస్యంగా నిద్రపట్టడం ఆ వయసులో ఒంటి గడియారమే చేసే పని, బద్ధకం కాదు. స్నేహితులతో ఫోన్‌లో మాట్లాడే టైముని స్క్రీన్ టైములో కలపకండి, బయట వాళ్లకి ఇంకేం మిగిలింది? రోజుకి ఒక్క పని మాత్రం కలిసి చేయండి. పక్కపక్కన నిలబడి చేసేదైతే మంచిది. ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది చెప్పు" అంటే నోరు విప్పరు కానీ, బట్టలు మడత పెడుతూ చాలా చెప్తారు.

తొమ్మిదో మెట్టు: విరిగాక అతికించండి

పైవన్నీ చేసినా ఏదో ఒకరోజు అరుస్తారు. నేనూ అరిచాను, ఇవన్నీ రాసుకున్నాక కూడా.

1975లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చూపించారు. బిడ్డతో నవ్వుతూ ఆడుతున్న తల్లిని కొద్ది నిమిషాల పాటు మొహంలో ఏ కదలికా లేకుండా ఉండమన్నారు. బిడ్డ నవ్వించాలని చూసింది, చేతులు చాపింది, చివరికి మొహం తిప్పేసుకుని ఏడ్చింది. చాలామందికి గుర్తుండేది ఈ సగమే. ఆ తర్వాత తల్లి మళ్లీ మామూలుగా నవ్వింది, ఇద్దరూ నెమ్మదిగా కలిసిపోయారు. మామూలు తల్లీబిడ్డల మధ్య కూడా రోజులో చాలాసేపు శ్రుతి తప్పే ఉంటుందని, తప్పినదాన్ని మళ్లీ కలుపుకోవడంలోనే బంధం గట్టిపడుతుందని ఆయన పరిశోధన చెబుతుంది.

అతికించే పద్ధతి ఇది. ముందు మీరు పూర్తిగా చల్లబడండి, గంట పట్టినా సరే. వాళ్ల ఎత్తుకి కూర్చోండి. చేసింది చేసినట్టు చెప్పండి. "కానీ" అనే మాట వాడకండి. వాళ్లు వెంటనే క్షమించాలని ఎదురుచూడకండి.

ఆ సాయంత్రం నేను వాడి పక్కన నేల మీద కూర్చుని అన్నాను: "పొద్దున నీ పెన్సిల్ విరగ్గొట్టాను. అది నా తప్పు. నాకు ఆఫీసు భయం ఉంది, దాన్ని నీ మీద చూపించాను." వాడు పుస్తకంలోంచి తలెత్తలేదు. కాసేపాగి "రేపు కూడా భయం ఉంటుందా?" అన్నాడు. ఉండొచ్చు అన్నాను. "అయితే నాకు ముందే చెప్పు, నేను చిన్నగా చెక్కుతాను" అన్నాడు.

అక్కడే ఒక జాగ్రత్త. మన టెన్షన్‌ని మోయడం పిల్లల పని కాదు. "నా భయం సంగతి నేను చూసుకుంటాను, నువ్వు నీకు కావాల్సినంత చెక్కుకో" అని చెప్పాను. మర్నాటి నుంచి ఆ బల్ల వాడికి వదిలేసి, నేను వంటగది గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకున్నాను.

మన చేయి దాటితే

అలసట వేరు, పూర్తిగా అడుగంటిపోవడం వేరు. బెల్జియంలోని లూవాన్ విశ్వవిద్యాలయంలో ఇసబెల్ రోస్కమ్, మొయిరా మికోలాజాక్ అనే పరిశోధకులు దీని మీద పనిచేశారు. వాళ్లు చెప్పిన గుర్తులు నాలుగు: నిద్రపోయినా తీరని అలసట, పిల్లలకి కావాల్సినవి చేస్తున్నా మనసు వాళ్ల మీద లేకపోవడం, పెంచడంలో ఏ ఆనందమూ మిగలకపోవడం, "నేను ఇలాంటి అమ్మని కాదే" అనిపించడం. ఇవి వారాల తరబడి ఉంటే డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడండి, ఫోన్‌లోనైనా సరే. మీకు మీరు హాని చేసుకోవాలని, పిల్లలకి హాని చేయాలని ఆలోచన వస్తే వారాలు ఆగకండి. పిల్లల్ని ఇంకొకరికి అప్పగించి అదే నిమిషంలో సాయం అడగండి.

పిల్లల్లో రెండు వారాలకు మించి తిండి, నిద్ర తగ్గిపోవడం, ఇష్టమైన ఆట కూడా వద్దనడం కనిపిస్తే చూపించాలి. చావు గురించి, తనని తాను గాయపరుచుకోవడం గురించి మాట్లాడితే ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఇంట్లో ఎవరైనా కొడుతుంటే పై మెట్లేవీ పనికిరావు. అక్కడ కావాల్సింది బయటపడే దారి, హెల్ప్‌లైన్, పోలీసులు. ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి లాక్‌డౌన్ నిబంధన అడ్డొస్తుందేమోనని ఆగకండి.

తలుపులు తెరుచుకునేటప్పుడు

బడి తెరుస్తున్నారంటే మనకి పండగే కానీ, నెలల తరబడి మనల్ని అంటిపెట్టుకున్న పిల్లకి అది విడిపోవడం. రెండు వారాల ముందు నుంచి లేచే టైముని రోజుకి పదిహేను నిమిషాలు ముందుకి జరపండి. ముందు పది నిమిషాలు, తర్వాత అరగంట, తర్వాత ఒక పూట, వేరే పెద్దవాళ్ల దగ్గర వదిలి వెళ్లి, చెప్పిన టైముకే తిరిగి రండి. వెళ్లేటప్పుడు కళ్లుగప్పి జారుకోకండి.

పది నిమిషాల ఆట మాత్రం ఆపకండి. మా ఇంట్లో అది వాడు బడి నుంచి వచ్చి బూట్లు విప్పుకునే టైముకి మారింది. కొన్నిసార్లు ఒక బూటు విప్పి, రెండోది కాలికే ఉంచుకుని మొత్తం చెప్పేస్తాడు.